‘బంతిని చూడరా!’ అంటే ఎటు చూడాలి?

1961, జులై 1. ఇంగ్లండ్‌లోని హోవ్ పట్టణం. ఆ రోజు ఆట ముగిసింది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టు కుర్రాళ్లు హోటల్‌కు బయల్దేరారు. దగ్గరే కదా అని కొందరు నడక మొదలుపెట్టారు. కెప్టెన్ మాత్రం కారెక్కాడు. దారిలో ఆ కారును మరో కారు ఢీకొట్టింది. అద్దం పగిలి ఓ గాజుముక్క అతని కుడి కంట్లో దిగింది. అతని వయసు ఇరవై. పేరు మన్సూర్ అలీఖాన్ పటౌడీ.

ఆపరేషన్ చేశారు. కన్ను నిలిచింది కానీ చూపు దాదాపు పోయింది. రెండు కళ్లూ కలిసి పనిచేస్తేనే వస్తువు ఎంత దూరంలో ఉందో మెదడు కచ్చితంగా లెక్కగడుతుంది. ఆ లెక్క తప్పింది. గ్లాసులో నీళ్లు పోద్దామంటే అవి బల్ల మీద పడేవి. సిగరెట్ వెలిగించుకుందామంటే మంట పక్కకు పోయేది. ఇక క్రికెట్ సంగతి ఎవరైనా ఏమంటారు? అయిపోయిందనే!

ఆర్నెల్లు తిరక్కుండానే పటౌడీ హైదరాబాద్‌లో బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. పర్యటనకొచ్చిన ఇంగ్లండ్ జట్టు మీద బోర్డు ప్రెసిడెంట్ జట్టుకు కెప్టెన్‌గా. దెబ్బతిన్న కంట్లో కాంటాక్ట్ లెన్స్ పెట్టుకున్నాడు. దాంతో కొత్త చిక్కు... ఒక బంతికి రెండు కనిపించసాగాయి. రెండింటి మధ్య ఆరేడు అంగుళాల ఎడం! లోపలి బంతిని ఎంచుకుని ఆడుతూ టీ విరామానికి 35 పరుగులు చేశాడు. తర్వాత లెన్స్ తీసేసి, ఆ కన్ను మూసుకుని, 70 దాకా వెళ్లాడు. అదే డిసెంబర్‌లో టెస్టుల్లోకి వచ్చాడు. 1962 జనవరిలో మద్రాసులో సెంచరీ. మార్చిలో, ఇరవై ఒక్కేళ్లకే భారత కెప్టెన్. ఆడినవి మొత్తం 46 టెస్టులు. ఆ తర్వాతి రోజుల్లో జయసింహ నాయకత్వంలో మన హైదరాబాద్ జట్టుకు రంజీలు కూడా ఆడాడాయన.

పటౌడీ కథ ఇప్పుడెందుకంటే... ఆటల్లో పైకి రావాలంటే పిల్లల కళ్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇప్పించాలన్న మాట ఈమధ్య కోచింగ్ క్యాంపుల దగ్గర గట్టిగా వినిపిస్తోంది. గోడ మీద దీపాలు వెలుగుతుంటే టకటకా తాకే యంత్రాలు, మినుకుమినుకుమనే కళ్లద్దాలు, ఫోన్లో ఆడే కంటి ఆటలు... ఒకటా రెండా! ‘మీ వాడి రియాక్షన్ టైం తగ్గిస్తాం సార్’ అంటే ఏ తండ్రికి ఆశ పుట్టదు? బ్యాటుకీ, బూట్లకీ, క్యాంపు ఫీజుకీ ఎంతో పోసినవాళ్లు కంటికి ఇంకొంత పోయలేరా? మరి ఒంటికన్నుతో పటౌడీ ఆడింది ఏమిటి? ఆటగాడు నిజంగా దేంతో చూస్తాడు?

ముందు ఓ చిన్న లెక్క చూద్దాం. ఫాస్ట్ బౌలర్ గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు. కంటికి కనిపించినదానికి చెయ్యి స్పందించడానికి సుమారు సెకనులో అయిదో వంతు కావాలి. మేటి ఆటగాళ్లకు ఇంకా తక్కువ సమయం చాలుతుందేమో అనుకుంటాం. ఇంగ్లండ్ శాస్త్రవేత్త పీటర్ మెక్లాయిడ్ దీన్నే పరీక్షించారు. పిచ్ మీద పరిచిన చాప కింద సన్నటి చెక్క కడ్డీలు పెట్టారు. బంతి పడ్డాక ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. పేరున్న బ్యాట్స్‌మెన్‌ను ఆడించి ఫిల్మ్ తీశారు. 1987లో వచ్చిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. బంతి దారి మార్చాక బ్యాటును సర్దుకోవడానికి వాళ్లకూ సెకనులో అయిదో వంతే పట్టింది. మామూలు మనుషులకు ఎంతో వాళ్లకూ అంతే!

అంటే తేడా స్పందించే వేగంలో లేదు. మరెక్కడుంది?

ఆ సంగతి 2000 సంవత్సరంలో ఇంకాస్త తేలింది. మెక్లాయిడ్, మైఖేల్ లాండ్ కలిసి ముగ్గురు బ్యాట్స్‌మెన్‌కు తల మీద చిన్న కెమెరా బిగించారు. కనుపాప ఎటు తిరుగుతోందో అది చూపిస్తుంది. ఒకరు ప్రొఫెషనల్, ఒకరు మంచి ఔత్సాహికుడు, మూడోవ్యక్తి ఓ మోస్తరు క్లబ్ ఆటగాడు. బౌలింగ్ మెషీన్ బంతులు విసిరింది. ‘బంతి మీంచి కన్ను తీయకు’ అని తరతరాలుగా కోచ్‌లు చెబుతున్నారు కదా... ముగ్గురిలో ఒక్కరూ ఆ పని చేయలేదు! బంతి మెషీన్‌ను వదిలిన క్షణంలో దాన్ని చూశారు. తర్వాత చూపు ఒక్క గెంతులో ముందుకెళ్లి, బంతి నేల మీద ఎక్కడ పడుతుందో అక్కడ కాపు కాసింది. బంతి వచ్చి అక్కడ పడగానే మళ్లీ పట్టుకుంది. బస్సు వెనక పరిగెత్తకుండా తర్వాతి స్టాపులో ముందే వెళ్లి నిలబడ్డట్టన్నమాట. మేటి ఆటగాడి చూపు ఆ గెంతు త్వరగా వేసింది. బలహీనుడి చూపు ఆలస్యంగా వేసింది.

షటిల్‌లో అయితే ఇది ఇంకా ముందు నుంచే మొదలవుతుంది. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో రాకెట్‌ను వదిలింది. గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ఈకల షటిల్ కాబట్టి గాలిలో వేగం చప్పున తగ్గిపోతుందనుకోండి. అయినా అవతలి కోర్టులో ఉన్నవాడు షటిల్ బయల్దేరాక చూద్దాంలే అనుకుంటే పని జరగదు. మరి ఏం చూస్తాడు?

ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రూస్ అబెర్నెథీ దీని కోసం ఓ చక్కటి ఉపాయం వాడారు. ఆటగాడు షాట్ కొడుతున్న ఫిల్మ్ వేసి, మధ్యలో టపీమని ఆపేస్తారు. ఒకసారి షటిల్‌ను తాకాక ఆపుతారు. ఒకసారి తాకక ముందే. షటిల్ ఎక్కడ పడుతుందో చెప్పాలి. 1987లో వెలువడిన ఆ పరిశోధనలో నిపుణులు, రాకెట్ షటిల్‌ను తాకకముందే, కొత్తవాళ్ల కన్నా మెరుగ్గా చెప్పగలిగారు. ఫిల్మ్‌లో రాకెట్‌ను కనిపించకుండా చేస్తే వాళ్ల తెలివి కాస్తా తగ్గింది. రాకెట్‌తో పాటు చేతిని కూడా కప్పేస్తే ఇంకా తగ్గింది. కొత్తవాళ్లకు రాకెట్ ఒక్కటే ఆధారం. నిపుణులు రాకెట్‌తో పాటు ఆ రాకెట్ పట్టుకున్న చేతిని కూడా చదువుతున్నారు. పైగా చెయ్యి ముందు కదులుతుంది, రాకెట్ తర్వాత. ఆ కాస్త ముందుచూపే వాళ్ల పెట్టుబడి.

ఆటలో చూపంటే అదీ. కన్ను ఒక కిటికీ మాత్రమే. ఆ కిటికీలోంచి దేన్ని చూడాలో, ఎప్పుడు చూడాలో తెలియడం అసలు విద్య. పటౌడీకి కిటికీ ఒకటి మూసుకుపోయింది. విద్య పోలేదు. అలాగని ఒంటికన్ను చాలునని ఎవరూ అనుకోకూడదు. రెండు కళ్లూ ఉండుంటే ఎంత ఆడేవాడో అన్న బెంగ ఆయన అభిమానులకు ఇప్పటికీ ఉంది.

అలాగని చూపు పదునుకు విలువే లేదా అంటే, ఉంది. అమెరికాలో 1990ల్లో నాలుగు వందల మందికి దగ్గర దగ్గరగా ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆటగాళ్ల కళ్లు పరీక్షిస్తే సగటు చూపు 20/13 అని తేలింది. అంటే మామూలు మనిషి 13 అడుగుల దగ్గరికొస్తే గానీ చదవలేని అక్షరాన్ని వాళ్లు 20 అడుగుల నుంచే చదివేస్తారు. బేస్‌బాల్ బంతి నేల మీద పడకుండా నేరుగా వస్తుంది, దాని కుట్టు తిరిగే తీరు పసిగట్టాలి. అక్కడ ఆ పదును అక్కరకొస్తుంది. మరోవైపు క్రికెట్ మహాశయుడు డాన్ బ్రాడ్‌మన్‌ను రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో పరీక్షిస్తే ఆయన చూపు అంతంతమాత్రమేనని బయటపడింది. 99.94 సగటున్న మనిషి చూపు అది!

ఇక అసలు ప్రశ్న. డబ్బు కట్టి చేయించే కంటి కసరత్తులు ఆటను మెరుగుపరుస్తాయా?

అబెర్నెథీ, జొవాన్ వుడ్ దీన్ని నేరుగా తేల్చుకుందామనుకున్నారు. 40 మందిని నాలుగు జట్లు చేశారు. రెండు జట్లకు అప్పట్లో పేరున్న రెండు కంటి శిక్షణ పద్ధతులు. మూడో జట్టు టెన్నిస్ గురించి చదువుతూ, వీడియోలు చూస్తూ కూర్చుంది. నాలుగోది ఆట మాత్రమే సాధన చేసింది. నాలుగు వారాలయ్యాక అందరినీ పరీక్షించారు. అందరూ కాస్త కాస్త మెరుగయ్యారు. కళ్లను అటూ ఇటూ తిప్పి శ్రమపడినవాళ్లు, వీడియోలు చూస్తూ కూర్చున్నవాళ్ల కన్నా పైకేమీ రాలేదు. 2001లో వచ్చిన ఈ ఫలితం శిక్షణ కేంద్రాల ప్రకటనల్లో ఎక్కడా కనిపించదు. ఎందుకు కనిపిస్తుంది?

కొసమెరుపు లాంటి కథ ఒకటి అమెరికాలో జరిగింది. 2014లో కాలిఫోర్నియా యూనివర్సిటీ రివర్‌సైడ్ క్యాంపస్ బేస్‌బాల్ జట్టులో 19 మందికి 30 విడతలుగా కంప్యూటర్ మీద కంటి ఆట ఆడించారు. చూపు సగటున 31 శాతం మెరుగైందనీ, ఆ ఏడాది జట్టుకు నాలుగైదు గెలుపులు అదనంగా వచ్చాయనీ లెక్కగట్టి ప్రకటించారు. పేపర్లన్నీ రాశాయి. అదే పద్ధతి యాప్‌గా అమ్మకానికొచ్చింది. మరుసటి ఏడాదే, అంటే 2015లో, అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ యాప్ కంపెనీని నిలదీసింది. చూపు మెరుగవుతుందన్న ప్రచారానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదంది. పరిశోధన చేసినవాళ్లలో ఒకరు కంపెనీ యజమానుల్లో ఒకరన్న సంగతి కొనేవాళ్లకు చెప్పలేదని కూడా తప్పుపట్టింది. కంపెనీ లక్షన్నర డాలర్లు కట్టి రాజీపడింది.

అన్నీ ఇలాంటివేనని తీసిపారేయడమూ న్యాయం కాదు. సిన్సినాటి యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టుకు 2011 సీజన్‌కు ముందు ఆరు వారాలు ఇలాంటి శిక్షణే ఇస్తే బ్యాటింగ్ సగటు 0.251 నుంచి 0.285కు పెరిగింది. అదే లీగ్‌లో మిగతా జట్ల సగటు ఆ ఏడాది పడిపోయింది కూడా. అయితే అదే జట్టులో సగంమందికి ఇచ్చి, సగంమందికి ఇవ్వకుండా పోల్చి చూడలేదు. పెరిగింది కళ్ల వల్లనా, కోచ్ వల్లనా, ‘మాకు ప్రత్యేక శిక్షణ దొరికింది’ అన్న ఉత్సాహం వల్లనా... చెప్పడం కష్టం. మినుకుమినుకు కళ్లద్దాల మీద పరిశోధనలు ఇంకా సాగుతున్నాయి. కొన్నిచోట్ల ఆశ కనిపిస్తోంది. అప్పు చేసి కొనేంత ఆశ మాత్రం కాదు.

కంటి వ్యాయామం కచ్చితంగా పనికొచ్చే సందర్భం ఒకటుంది. అది ఆట కోసం కాదు, లోపం కోసం. కొందరు పిల్లలకు దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్లూ సరిగా లోపలికి కలవవు. అక్షరాలు రెండుగా కనిపిస్తాయి, తలనొప్పి వస్తుంది. అలాంటి 9 నుంచి 17 ఏళ్ల పిల్లలు 221 మంది మీద అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. ఆస్పత్రిలో నిపుణుల పర్యవేక్షణలో 12 వారాలు వ్యాయామం చేసిన జట్టులో 73 శాతం మందికి గుణం కనిపించింది. ఉత్తుత్తి వ్యాయామం చేసిన జట్టులో అది 35 శాతమే. అంటే జబ్బున్నచోట మందు పనిచేసింది. జబ్బు లేనివాడికి అదే మందు పోస్తే బలం వస్తుందనుకోవడమే పొరపాటు.

ఈ హడావుడిలో అందరూ మరిచిపోయే సంగతి మరొకటుంది. అది చాలా చిన్నది. పిల్లాడికి అసలు కనిపిస్తోందా?

మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల కళ్లను పరీక్షించి 2002లో వెలువరించిన అధ్యయనంలో, చూపు తగ్గిన కళ్లలో 61 శాతానికి కారణం అద్దాలతో సరిపోయే దోషమేనని తేలింది. మందులూ ఆపరేషన్లూ అక్కర్లేదు, కళ్లజోడు చాలు. ఆ జోడు లేక ఎంతమంది పిల్లలు ‘వీడికి బంతి అందదు’ అనిపించుకుని బౌండరీ బయట కూర్చున్నారో! చిన్న పిల్లలు తమకు కనిపించడం లేదని చెప్పరు. లోకం అందరికీ అలాగే మసగ్గా ఉంటుందనుకుంటారు. క్యాచ్ కింద ఆలస్యంగా చేరడం, స్కోర్‌బోర్డు చదవమంటే కళ్లు చిట్లించడం, తల ఓ పక్కకు వంచి చూడటం, సాయంత్రమయ్యేసరికి ఆట చెడిపోవడం... కోచ్‌కు ఇవి బద్ధకంలా కనిపిస్తాయి.

పెద్దవాళ్లకే తెలియదు. బాస్కెట్‌బాల్‌లో దూరం నుంచి బంతి వేయడంలో అంతటివాడు లేడనిపించుకున్న స్టీఫెన్ కర్రీ తనకు కంటి కార్నియా దోషం ఉందనీ, కాంటాక్ట్ లెన్స్‌లు పెట్టుకోవడం మొదలుపెట్టాకే లోకం తేటగా కనిపిస్తోందనీ 2019లో చెప్పాడు. అప్పటికి అతను మూడుసార్లు చాంపియన్ జట్టులో ఉన్నాడు!

కాబట్టి క్యాంపులో చేర్చేముందు ఒకసారి కంటి డాక్టర్ దగ్గరికి. అద్దాలు రాస్తే పిల్లాడు చిన్నబుచ్చుకోవచ్చు. క్లైవ్ లాయిడ్ కళ్లజోడుతోనే ఆడి వెస్టిండీస్‌కు 1975లో, 1979లో ప్రపంచకప్‌లు తెచ్చిపెట్టాడని చెప్పొచ్చు. ఆటకు మామూలు గాజు అద్దాలు వద్దు. పగలని పాలీకార్బొనేట్ అద్దాలు, తల వెనక పట్టీ ఉన్న ఫ్రేమ్ అడగాలి. షటిల్ తాలూకు బెండు ముక్క కంటి గుంతలో సరిగ్గా ఇమిడే సైజులో ఉంటుందన్న సంగతి డబుల్స్ ఆడే పిల్లల అమ్మానాన్నలు గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఇంకో మాట. కంటి వల్ల ఆటకెంత లాభమో కానీ, ఆట వల్ల కంటికి మాత్రం లాభముంది. చైనాలోని గ్వాంగ్జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడపనిచ్చారు. మూడేళ్లలో అక్కడ 30 శాతం మందికి దూరపు చూపు మసకబారింది. అలా పంపని బడుల్లో దాదాపు 40 శాతం మందికి. 2015లో వచ్చిన లెక్క ఇది. ఆరుబయటి వెలుతురే మందు అంటున్నారు నిపుణులు. దీపాల యంత్రం ముందు గదిలో గంట నిలబెట్టే బదులు, ఆ గంట గ్రౌండ్‌లో వదిలేస్తే సరి.

మరి చూపుకు శిక్షణే వద్దా? కావాలి. కాకపోతే అది ఆటలోనే ఉండాలి. కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీ ప్రొఫెసర్ జొవాన్ వికర్స్ బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రో వేసేవాళ్ల కళ్లను పరిశీలించి ఓ సంగతి పట్టుకున్నారు. బాగా వేసేవాళ్లు బంతి ఎత్తేముందు రింగు మీద ఒకేచోట చూపు నిలుపుతారు. తడబడేవాళ్ల చూపు రింగు, బోర్డు, బంతి మధ్య తచ్చాడుతుంది. దీనికి ‘నిశ్చల నేత్రం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఓ యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకు ఇదే నేర్పిస్తే రెండు సీజన్లలో వాళ్ల ఫ్రీ త్రోలు 54 శాతం నుంచి 76 శాతానికి చేరాయి. ఇక్కడ కంటిని బలపరచలేదు. ఎక్కడ చూడాలో, ఎంతసేపు చూడాలో చెప్పారంతే. చెట్టు మీది పక్షి కన్ను తప్ప మరేమీ కనిపించడం లేదన్న అర్జునుడి కథ ఎరిగిన మనకు ఇది మరీ కొత్తేమీ కాదు.

బ్రాడ్‌మన్ కుర్రతనంలో బౌరాల్ ఊళ్లో, ఇంటి వెనక నీళ్ల ట్యాంకు దిమ్మెకేసి గోల్ఫ్ బంతి కొట్టేవాడు. చేతిలో బ్యాటు కాదు, ఒక స్టంపు. గుండ్రటి గోడకు తగిలి బంతి ఎటు తిరిగొస్తుందో తెలియదు. ఆ కర్రతోనే దాన్ని మళ్లీ కొట్టాలి. గంటల తరబడి అదే ఆట. దానికి ఫీజు లేదు.

ఇంట్లో చేయించదగ్గది ఇంకోటుంది. ఆదివారం మధ్యాహ్నం ఫోన్లో ఓ షటిల్ మ్యాచ్ వీడియో పెట్టండి. ఆటగాడు చెయ్యెత్తగానే, రాకెట్ షటిల్‌ను తాకకముందే, ఆపేయండి. ‘చెప్పరా, ఎటు కొడతాడు? నెట్ దగ్గరా, వెనకా? ఎడమా, కుడా?’ అని అడగండి. తర్వాత వదిలి చూడండి. అబెర్నెథీ చేయించింది ఇదే. మొదట్లో పదింట అయిదు తప్పుతాడు. ఫర్వాలేదు. వయసూ ఆడిన ఆటలూ పెరిగేకొద్దీ గానీ ఈ నేర్పు రాదని 12 ఏళ్ల పిల్లల్నీ, 15, 18 ఏళ్లవాళ్లనీ, పెద్దల్నీ విడివిడిగా పరీక్షించి ఆయనే చెప్పారు. క్రికెట్ అయితే బౌలర్ చెయ్యి తిరిగే దగ్గర ఆపాలి. ‘నాన్నా, ఈసారి నువ్వు చెప్పు’ అని వాడు ఎదురు అడుగుతాడు. తప్పు చెప్పడానికి సిద్ధపడే కూర్చోండి.